లాప్‌టాప్ మూసి చెప్పమనే మనిషి

మొన్న మా గ్రూపులో ఆమె పోయిందని కబురు పెట్టారు. కుప్పంలో ఆమె దగ్గర నేర్చుకున్న ఒకమ్మాయి పెట్టింది. కింద వరసగా దండాలు, పూలు, ఓంశాంతులు. ఆ ఓంశాంతుల మధ్యలోనే ఎవరో ఒకాయన దిగబడి అడిగాడు: "సార్, నా పట్టికలో ఖాళీ గడులు ఉన్నాయి. అన్నిటినీ ఒకేసారి సున్నాతో నింపేది ఎట్లా? అర్జంట్."

పైన ఏం రాసుందో చదవలేదు మహానుభావుడు. చదివితే ఆశ్చర్యపోవాలి. ఇన్నేళ్లలో ఈ గ్రూపులో పైన రాసింది చదివి కింద అడిగినవాణ్ణి నేను చూడలేదు. నాకు కోపం కూడా రాలేదు. ఫోను బల్ల మీద బోర్లించి పెట్టాను.

గ్రూపు అంటే ఏమిటో చెప్పాలి. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో పట్టికలతో లెక్కలు చేసుకోవడానికి ఒక లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడు, ఉంది. ఎవరి సొత్తూ కాదు, అందరూ ఉచితంగా వాడుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చు. లోకమంతా వాడుతుంది. మదనపల్లె టమోటా మండీల్లో లెక్కలు చూసేవాళ్లు వాడతారు, పుంగనూరులో పాలకేంద్రం ఆపరేటర్లు వాడతారు, కుప్పంలో కాలేజీ పిల్లలు వాడతారు. వాడేవాళ్లకు వచ్చే అనుమానాలు తెలుగులో అడగడానికి ఈ గ్రూపు పెట్టుకున్నాం. జవాబులు చెప్పేవాళ్లం మొదట్లో చాలామందిమి. ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి ఆమె, నేను మిగిలాం. ఇప్పుడు నేనే. మదనపల్లెలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుని ఇంటికొచ్చి, వంట చేసుకుని, మళ్లీ ఈ ప్రశ్నల ముందు కూర్చోవాలి. ఓపిక లేదు.

కానీ సున్నా ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు మా అన్న గుర్తొస్తాడు. నిమ్మనపల్లె దగ్గర మాకు మెట్టభూమి ఉంది. అన్న అప్పటికే రెండు బోర్లు వేశాడు, రెండూ ఎండిపోయాయి. మూడోది వెయ్యాలంటే మా వదిన ఆవులు అమ్మాలి. ఆ ఆవుల పాల మీదే ఇల్లు నడిచేది. అవి ఉంటాయా పోతాయా అన్నది ఒకప్పుడు ఈ ప్రశ్నకు ఇచ్చే జవాబు మీదికి వచ్చింది. నవ్వులాట కాదు, నిజమే. దానికి ముందు ఆమె ఎట్లాంటి మనిషో చెప్తేనే ఈ సంగతి అర్థమవుతుంది.

పొట్టి మనిషి. గొంతు మాత్రం పెద్దది. చేతిసంచిలో ఎప్పుడూ ఉడకబెట్టిన చెనక్కాయలు ఉండేవి. మనం మన బాధ చెప్పుకుంటుంటే ఆమె కాయలు వొలుచుకుంటూ వినేది. తొక్కలు బయట వెయ్యదు, సంచి పక్కజేబులో వేసుకునేది. మనకు పెట్టేది కాదు. ఒకసారి నేనే నోరు తెరిచి అడిగితే, లెక్కగా చూసి ఇచ్చింది. అక్కా అని పిలిచేదాన్ని కాబట్టి ఆ మాత్రమైనా దక్కింది.

ప్రశ్న అడిగేవాళ్లంతా ఒకే తీరుగా వచ్చేవాళ్లు. లాప్‌టాప్ తెరిచి ఆమె మొహం ముందు పెట్టి, "మేడం, ఎర్రర్ వస్తాండాది" అనేవాళ్లు. ఆమె తెర వైపు చూసేదే కాదు. అరచెయ్యి లాప్‌టాప్ మీద పెట్టి మెల్లగా మూసేసేది. "ఇప్పుడు చెప్పప్పా. నీ దగ్గర ఏముండాది, నీకేం కావాల?" అనేది.

తెర ఉంటే వేలు పెట్టి చూపించొచ్చు. మూసేశాక తన పట్టికలో ఏముందో తనే చెప్పాలి. చాలామందికి తెలియదు. తెలియదన్న సంగతి అప్పుడే తెలిసేది. కొందరు చెప్తూ చెప్తూనే, "ఓహో, అదా మేడం" అని లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వెళ్లిపోయేవాళ్లు. అట్లా వెళ్లిపోయినవాళ్ల మీద ఆమెకు కొంచెం అలక కూడా ఉండేది. సగం వొలిచిన కాయ చేతిలో పట్టుకుని, "సెప్పి పోవల్ల కదా" అని గొణిగేది.

శనివారాలు మేం తిరిగేవాళ్లం. ఒక వారం మదనపల్లెలో టైపు ఇన్‌స్టిట్యూట్ మేడ మీద గది, ఒక వారం పుంగనూరులో పాలకేంద్రం వెనక వరండా, ఇంకో వారం కుప్పంలో ఆమె ఇంటి హాలు. ఎవరైనా రావచ్చు, ఏదైనా అడగొచ్చు. మదనపల్లె నుంచి కుప్పం పోయే బస్సులో పుంగనూరు దాటగానే ఆమె నిద్రపోయేది. నోరు తెరుచుకుని, తల కిటికీ కడ్డీకి కొట్టుకుంటున్నా సరే. పలమనేరు బస్టాండులో లేచి, నిద్ర మొహంతోనే ఫోను తీసి, గ్రూపులో పడ్డ ప్రశ్నలకు ఒంటి బొటనవేలుతో జవాబులు కొట్టేది. మొదటి మాట ఎప్పుడూ ఒకటే. "మల్లా అదేనా" అని నిట్టూర్చేది. తర్వాత మొదటి నుంచి, ఆ ప్రశ్న ఈ భూమ్మీద ఎవరూ ఎప్పుడూ అడగనట్టు, ఓపిగ్గా రాసేది.

మదనపల్లెలో ఒకసారి మండీ లెక్కలు చూసే ఆయన వచ్చాడు. రైతుల పట్టికనూ, వాళ్లు తెచ్చిన బాక్సుల పట్టికనూ కలిపితే వరుసలు ఎక్కడికో పెరిగిపోయాయట.

"లైబ్రరీలోనే బగ్గు ఉండాది మేడం. నేను బాగా సూసినాను."

ఆమె లాప్‌టాప్ మూసింది. "రెండు పట్టికలూ దేన్ని చూసి కలిపినావు?"

"పేరు సూసి."

"మీ మండీకి రెడ్డెప్పలు ఎంతమంది వస్తారప్పా?"

ఆయన నవ్వాడు. "యాడ సూసినా రెడ్డెప్పలే మేడం."

"ప్రతి రెడ్డెప్ప బాక్సుల్నీ ప్రతి రెడ్డెప్పకూ రాసిండాది అది. నువ్వు చెప్పినట్టే చేసింది. బగ్గు నీ కాడ ఉండాది, లైబ్రరీ కాడ లేదు. ఊరి పేరు, నాయన పేరు కూడా కలుపుకో, పో."

పుంగనూరులో పాలకేంద్రం అమ్మాయి ప్రతిసారీ ఒకటే గోల పెట్టేది. పాల చిక్కదనం చెప్పే ఎస్.ఎన్.ఎఫ్. అంకె తప్పు పడితే దిద్దుతుంది, కింద ఎర్ర అక్షరాల్లో ఏదో హెచ్చరిక వస్తుంది, పట్టికలో మాత్రం ఏమీ మారదు. "మార్చినాను మేడం, మారలేదు." ఇది ఆ లైబ్రరీ వాడేవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న. నేనైతే పుస్తకాల భాషలో పది నిమిషాలు చెప్పేదాన్ని. అక్క ఒక్క మాటతో తేల్చింది. "నువ్వు దిద్దింది జిరాక్సు కాపీలోనమ్మా. అసలు కాగితం బీరువాలో అట్లే ఉండాది. బీరువా తెరిచి దాంట్లో దిద్దు." ఆ అమ్మాయి తర్వాత మళ్లీ అడిగింది, అది వేరే సంగతి. ఈమె మళ్లీ చెప్పింది.

నేను చూసి చూసి విసుగెత్తి, తరచుగా అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబులు రాసి ఒక పేజీ తయారు చేశాను. తేదీల్లో రోజు నెల తారుమారైతే ఏం చెయ్యాలి, ముందున్న సున్నాలు ఎగిరిపోతే ఏం చెయ్యాలి, అన్నీ. చాలా రోజులు కష్టపడ్డాను. ఎవరడిగినా ఆ పేజీ లింకు పడేస్తే సరిపోతుందని నా ఆశ. అక్క బస్సులో కూర్చుని మొత్తం చదివింది.

"బాగుండాదమ్మా" అంది. "ఎవురూ సదవరు."

"చదవకపోతే వాళ్ల ఖర్మ."

"వాళ్ల ఖర్మైతే మనం యాల కూర్చోనుండాము ఈడ?"

నాకు ఒళ్లు మండింది. ఆమెతో ఇదే చిక్కు. పొగడదు, ఒప్పుకోదు, థాంక్స్ అన్న మాట ఆమె నోట వినలేదు. ఒకే ప్రశ్నను రెండు చోట్ల అడిగినవాణ్ణి ఏడాది తర్వాత కూడా గుర్తుపెట్టుకుని దెప్పేది. నేను అన్నం తినే వేళ చూసి మరీ ఫోను చేసేది. ఆమె మంచిదే గాని ఆమెతో సుఖంగా ఉండటం కష్టం.

ఇక సున్నా కథ. రామసముద్రం వైపు నుంచి ఒకాయన మదనపల్లె శనివారానికి వచ్చాడు. వాళ్ల పల్లెలో నీళ్ల కమిటీ పెట్టుకుని, చుట్టుపక్కల బోర్లన్నిటిలోకీ తాడు వదిలి, నీళ్లు ఎన్నడుగుల కింద ఉన్నాయో కొలిచారు. మంచి పనే. ఆయన అడిగింది మాత్రం రంగు గురించి. "గ్రాఫుకు నీలం రంగు ఎట్ల వేసేది మేడం?"

అక్క ఆ రోజు ఎందుకో తెర వైపు చూసింది. చూసి, లాప్‌టాప్ మూసింది.

"మీ ఊరి తూర్పు దిక్కు నీళ్లు అంత పైన ఉండాయా అప్పా? సెంబుతో ముంచుకోవచ్చునే."

ఆయన తికమకపడ్డాడు. "తూర్పు దిక్కా? ఆడ సగం బోర్లు ఎండిపోయినాయి మేడం."

"ఎండిపోయినవాటికి ఏం రాసినారు?"

"ఖాళీగా వదిలేసిండారు. గ్రాఫు సరిగ్గా రాలేదని నేనే సున్నాలు నింపినాను. ఎండిపోయింది కదా, సున్నా అంటే నీళ్లు లేవనే కదా మేడం?"

మా వైపు ఎవర్నైనా నీ బోరు ఎట్లుంది అని అడగండి. ఎండిపోయి ఉంటే చెయ్యి బోర్లా తిప్పి, సున్నా అంటాడు. కాబట్టి ఆయన తప్పేమీ లేదు. కానీ ఆ గడిలో ఉండాల్సింది లోతు. లోతు సున్నా అంటే నీళ్లు నేల మీదనే ఉన్నట్టు. ఎండిపోయిన బోర్లు ఎన్ని ఎక్కువుంటే ఆ దిక్కు సగటు లోతు అంత తక్కువ చూపిస్తుంది. ఊళ్లో అన్నిటికంటే ఎండిన దిక్కు, ఆయన పట్టికలో అన్నిటికంటే నీళ్లున్న దిక్కు అయి కూర్చుంది.

అక్క ఇదంతా చెప్పింది. అప్పుడు అసలు సంగతి బయటపెట్టాడు ఆయన. రేపు పొద్దున్నే ఆ తూర్పు దిక్కున, ఆయన తమ్ముడి చేనులో బోరు వేస్తున్నారట. ఈ గ్రాఫు చూసే చోటు నిర్ణయించుకున్నారట.

మర్నాడు మొదటి బస్సుకే మేమిద్దరం వెళ్లాం. తమిళనాడు నుంచి వచ్చిన బోరు బండి అప్పటికే చేనులో దిగి ఉంది. టెంకాయ కొట్టేశారు, బండికి పసుపు కుంకుమ పెట్టేశారు. అక్క ఆ తమ్ముణ్ణి పక్కకు పిలిచి చెప్పింది. అతను మర్యాదగా విన్నాడు. "నువ్వు చెప్పేది అర్థమవతాండాది మేడం. కానీ వచ్చిన బండిని వెనక్కి పంపకూడదు" అన్నాడు. బండి మొదలుపెట్టారు. మేం వేపచెట్టు కింద కూర్చున్నాం. అక్క చెనక్కాయలు బయటికి తియ్యలేదు.

మధ్యాహ్నానికి నీళ్లు పడ్డాయి.

బురదనీళ్లు ఎగజిమ్మాయి. అందరూ తడిసిపోయారు, ఆడవాళ్లు ఆ నీళ్లు తల మీద చల్లుకున్నారు. రామసముద్రం ఆయన పరుగెత్తుకొచ్చి అక్కకు చేతులు జోడించాడు. "అంతా మీ లెక్కే మేడం."

"నీళ్లు వచ్చినాయి. సంతోషమప్పా" అంది అక్క. "లెక్క తప్పే."

ఎవరు వింటారు? బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆమె చీర కుచ్చెళ్ల మీద బురద ఎండి అట్టలు కట్టింది. దాన్ని గోరుతో గీరుతూ, "ఇంగ సూడమ్మా, ఈ పట్టిక యాడదాకా పోతాదో" అంది.

పోయింది. వాల్మీకిపురం దాకా పోయింది, ఫోను నుంచి ఫోనుకు. నీళ్లు చూపించే కంప్యూటర్ అని పేరు పెట్టారు దానికి. పల్లెపల్లెకూ తాళ్లు, టేపులు బయటికి వచ్చాయి. గ్రూపులో సున్నా ప్రశ్న మొదలైంది. ఖాళీలను సున్నాతో నింపేది ఎట్లా, ఖాళీలను సున్నాతో నింపేది ఎట్లా. దానికి జవాబు ఒక్క వరస కోడు. నేనైతే ఊపిరి తీసినంతలో రాసి పడేసేదాన్ని. అక్క రాయనిచ్చేది కాదు. ప్రతి ఒక్కరినీ అడిగేది. అవి ఏం గడులు? ఎందుకు ఖాళీగా ఉన్నాయి? ఎవరు కొలిచారు? దుకాణంలో అమ్మకాలైతే సున్నా పెట్టుకో, పర్వాలేదు అనేది. నీళ్ల లోతు అన్నారా, ఇక వదిలేది కాదు. ఖాళీగా వదిలినా ఆ సగటును నమ్మొద్దని, అది బతికున్న బోర్ల సగటేనని, చచ్చిపోయినవి ఎన్నో పక్కన రాసి పెట్టుకోమని చెప్పేది. జనానికి విసుగు. "మేడం, కోడ్ మాత్రం చెప్పండి చాలు" అనేవాళ్లు. కొందరు గ్రూపు వదిలేసి వేరే చోట అడుక్కున్నారు. ఇప్పుడైతే మనిషిని అడగాల్సిన పనే లేదు, యంత్రాన్ని అడిగితే క్షణంలో ఆ ఒక్క వరస రాసిస్తుంది.

అట్లాంటి రోజుల్లో మా అన్న ఫోను చేశాడు. తాడు తీసుకుని తనే పల్లెంతా తిరిగి కొలిచాడట. "మీ మేడంతో చెప్పి మనకు గూడా ఆ పట్టిక చేయించు. ఎండిపోయినవాటికి సున్నా వేయించు, రామసముద్రంలో వేసినట్టే."

నేను కుదరదన్నాను. ఎందుకు కుదరదో చెప్పాను. అన్న ఫోను పెట్టేశాడు. వారం రోజులు మాట్లాడలేదు. అక్కతో ఊరికే కడుపులో బాధ చెప్పుకుంటే, "పోదాం పద" అంది.

మేం వెళ్లేసరికి వదిన పాలు పితికి బిందె ఎత్తుకుని పోతోంది. మాకు టీ ఇచ్చి, కొట్టంలో పని ఉందని మళ్లీ వెళ్లింది. అన్న ఫోనులో పట్టిక తెరిచి అక్క ముందు పెట్టాడు. అక్క దాన్ని తీసి బోర్లా పెట్టింది.

"ఖాళీ గడులు ఎవురెవురివో నోటితో చెప్పప్పా."

అన్న చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్క పేరు కూడా తడుముకోలేదు. ఇది పెద్దనాయన వాళ్లది, ఎండిపోయింది. దాని పక్కది తూర్పింటాయనది, ఒక్క వేసవికే ఎండిపోయింది. గుట్ట కింద ఉన్నవి మూడు, మూడూ ఎండిపోయినవే. ఇది మనది. దాని పక్కన ఉండేదీ మనదే. చెప్తూ చెప్తూ గొంతు తగ్గించాడు.

"అన్నీ సచ్చిపోయిన బోర్లే కదా" అంది అక్క. "ఇంత బాగా తెలిసినోడివి, సున్నా యాల అడుగుతాండావు?"

అన్న కొట్టం వైపు చూశాడు.

"తెలుసు మేడం. తెలిసే అడుగుతాండాను. కంప్యూటర్ చెప్పిందంటే మా ఇంట్లోది ఒప్పుకుంటాది. ఆవుల్ని ఇస్తాది. నేను చెప్తే ఇయ్యదు."

నాకు తల కొట్టేసినట్టయింది. మా అన్నకు లెక్క అర్థం కాలేదనే అనుకున్నాను ఇన్నాళ్లూ. అక్క మాత్రం ఆశ్చర్యపోలేదు. ఎంతమంది దగ్గర ఈ మాట విని ఉంటుందో ఏమో, ముందే తెలిసినట్టు తల ఊపింది.

"అయితే నా కాడ పని లేదప్పా నీకు. పోయి ఆ మాట మీ ఆమెకు నీ నోటితో చెప్పు. నా లెక్కతో చెప్పొద్దు."

"చెప్తే ఇయ్యదు మేడం."

"ఇయ్యకపోతే ఇయ్యదు. ఆవులు ఆమెవి."

అన్న లేచి కొట్టంలోకి వెళ్లాడు. మాకేమీ వినిపించలేదు. నాకు అక్క మీద పట్టరాని కోపం వచ్చింది. వచ్చి, టీ తాగి, మా ఇంట్లో చిచ్చు పెట్టింది. ఆ మాటే అనేశాను.

"ఏం చేద్దామంటావు?" అంది. "నాకు మాత్రం ఇష్టమా తల్లీ? నాకూ అలుపొచ్చేసింది. సున్నా వేసిచ్చేసి పోయింటే నాకూ సుఖమే."

అప్పుడు చూశాను ఆమె మొహం. నిజంగానే అలిసిపోయి ఉంది. గ్రూపులో ఆమె ఓపిక చూసి, ఆమెకు ఓపిక పుట్టుకతో వచ్చిందనుకున్నాను. లేదు. లేకపోయినా కూర్చునేది, అంతే.

వదిన వచ్చింది. మొహం కడుక్కుని వచ్చింది. అక్క ముందు నిలబడి అడిగింది.

"నీళ్లు రావా మేడం?"

"తెల్దమ్మా. ఆ దిక్కున ఎక్కువ బోర్లు ఎండిపోయినాయి. రావచ్చు. రాకపోయేదానికే అవకాశం ఎక్కువ."

వదిన కొంగుతో మొహం తుడుచుకుంది. "ముందర రెండు బోర్లకూ వస్తాయి, వస్తాయి అని చెప్పే వేసినారు. రావేమో అని నాకు ఒక్కరూ చెప్పలేదు." అన్న వైపు తిరిగింది. "నీకు వేసి తీరాలనే ఉండాది కదా?"

అన్న అవునన్నాడు. ఇంకేమీ కలపలేదు.

"ఒక ఆవును నాకు పెట్టు. మిగిలినవి అమ్ముకో. రాకపోతే ఇంగ బోరు మాటెత్తొద్దు."

అమ్మారు. బోరు వేశారు. పొద్దుగూకే దాకా తెల్లటి రాతిదుమ్మే వచ్చింది, తడి కూడా తగల్లేదు. నేను అక్కకు ఫోను చేసి చెప్పాను. ఆమె "మీ వదిన ఎట్లుండాది?" అని అడిగింది. బాగానే ఉందన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి. ఆ శనివారం పుంగనూరులో పాలకేంద్రం అమ్మాయి మార్చినాను మేడం, మారలేదు అంటే, ఆమె మళ్లీ బీరువా తెరిపించింది.

తర్వాత ఆమెకు ఆరోగ్యం చెడింది. బస్సు ప్రయాణాలు మానేసింది. కుప్పం నుంచే గ్రూపులో జవాబులిచ్చేది. వాటిల్లో మాటలు తగ్గాయి గాని ప్రశ్నలు మాత్రం తగ్గలేదు. ఏ గడి, ఎందుకు ఖాళీ, ఎవరు కొలిచారు. నేను అప్పుడప్పుడు ఫోను చేసేదాన్ని. అందరికీ నా పేజీ లింకే ఇవ్వమని ఒకసారి గట్టిగా చెప్పాను. "నువ్వియ్యి. నేను సచ్చినాక ఇయ్యి" అంది. నవ్వుతూనే అంది.

మొన్న కబురు వచ్చాక వదినకు ఫోను చేశాను. ఊరికే తెలియాలి కదా అని. ఆమె "కుప్పం పోయొద్దాం" అంది. ఉన్న ఒక్క ఆవునూ పక్కింటివాళ్లకు అప్పజెప్పి పొద్దున్నే మదనపల్లె బస్టాండుకు వచ్చేసింది. దారంతా మేం పెద్దగా మాట్లాడుకోలేదు. పుంగనూరు దాటాక నాకు నిద్ర పట్టింది.

కుప్పంలో అక్క ఇంట్లో ఆమె చెల్లెలు, చెల్లెలి భర్త ఉన్నారు. హాల్లో కుర్చీలు గోడకు జరిపేసి ఉన్నాయి. గ్రూపులో అన్ని వందల మంది పూలు పెట్టారు కదా, ఇక్కడికి వచ్చింది మేమూ, ఆ కబురు పెట్టిన అమ్మాయీ. చెల్లెలు మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టింది.

"పొద్దస్తమానం ఫోన్లో ఎవురితోనో వాదులాడతానే ఉండేది మా అక్క" అంది. "ఆస్పత్రిలో గూడా. వాళ్లెవురో, ఈమె వాళ్లకేం చెప్తాదో మాకు తెల్దు. ఒగరో ఇద్దురో వస్తారనుకున్యాము." వదినను చూసి అడిగింది. "నువ్వు గూడా కంప్యూటర్ నేర్చుకున్యావామ్మా మా అక్క కాడ?"

"నాకు కంప్యూటర్ తెల్దమ్మా" అంది వదిన. "మా ఆయన మూడో బోరు వేసేటప్పుడు ఆమె మా ఇంటికి వచ్చింది."

"అట్లనా? నీళ్లు పడినాయా?"

"లేదు. పడలేదు."

చెల్లెలు తల దించుకుంది. పాపం, ఆమె ఇంకో జవాబు కోసం ఆశపడింది. నేను సర్ది చెప్పబోయాను గాని వదిన ఆగలేదు. ఇన్నేళ్లలో ఆమె నాతో కూడా అనని మాట, ఆ ముక్కూమొహం తెలియని మనిషితో అంది.

"ముందర రెండు బోర్లు ఎండిపోయినప్పుడు ఆయన ఇంటికి రాకుండా యాడ్నో తిరిగినాడమ్మా. నా మొహం చూడలేక. నీళ్లు వస్తాయని నాకు చెప్పింది అబద్ధం కదా, అందుకు. మూడోది ఎండిపోయిన రోజు నేరుగా ఇంటికి వచ్చి, నా పక్కన కూర్చోని ఏడ్చినాడు."